బాలింత గుబులుకు గోలీనా, మాటనా?

(మేడ్చల్, శామీర్‌పేట మండలాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించో, కూలి గురించో మాట్లాడతారని అనుకొని వచ్చినవాళ్ళు ఉంటారు. అవి ఎప్పుడూ ఉండే మాటలే. ఈ పూట మాత్రం బాలింతల గురించి మాట్లాడుకుందాం. బాలింత ఒంటి గురించి మన ముసలమ్మలకు తెలియనిది లేదు. నేను చెప్పేది ఆమె మనసు గురించి.

ఒక బాలింతను తలుచుకోండి. ఏ ఊరు, ఏ వాడ అని అడగొద్దు. అన్ని వాడల్లోనూ ఉంటుంది. కాన్పయి నెలన్నర. పిల్ల ఏడిస్తే ఎత్తుకుంటది గానీ మొగం చూడదు. అన్నం ముందర పెడితే ముద్ద దిగదు. పిల్ల పండుకున్నా తనకు నిద్ర రాదు. ఎవరన్నా అడిగితే "ఏం గాలే, మంచిగనే ఉన్న" అంటది. అత్త "పని దొంగ" అంటది. మొగడు "ఆడపిల్ల పుట్టిందని అలిగింది" అంటడు. పక్కింటామె "గాలి సోకింది, తాయెత్తు కట్టియ్యిండ్రి" అంటది. పట్నంల చదువుకున్నాయన "కష్టం చేసుకునేటోళ్ళకు ఇసొంటివి రావు, అవి పెద్దిండ్ల ఆడోళ్ళకు వచ్చే రోగాలు" అంటడు. నలుగురు నాలుగు మాటలన్నారు. ఆమెను కూచోబెట్టి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆమెకు వచ్చింది జబ్బు. డాక్టర్లు దీన్ని ప్రసవానంతర డిప్రెషన్ అంటారు. మనం బాలింత గుబులు అందాం.

ఇది పెద్దిండ్ల రోగం అన్నమాట అబద్ధం. గోవాలో బాలింతలను పరీక్షించి 2002లో లెక్క చెప్పారు. నూటికి 23 మందికి ఈ గుబులు ఉంది. ఎవరికి ఎక్కువ వచ్చింది? ఇంట్లో తిండికి కటకట ఉన్నవాళ్ళకు, మొగుని చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళకు, అప్పటికే ఆడపిల్లలుండి మళ్ళీ ఆడపిల్ల పుట్టినవాళ్ళకు. అదే ఏడు తమిళనాడులో వేలూరు చుట్టుపక్కల పల్లెల లెక్క కూడా వచ్చింది. అక్కడ కాన్పు తర్వాత కొత్తగా గుబులు పట్టినవాళ్ళు నూటికి 11 మంది. కారణాలు మళ్ళీ అవే. తక్కువ ఆదాయం, అత్తతో పేచీ, కాన్పయ్యాక చేతికింద సాయం లేకపోవడం. దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో చూస్తే నూటికి 22 మంది తేలారు. అంటే దగ్గర దగ్గర అయిదుగురిలో ఒకరు. మీ వాడలో ఈ ఏడు పది కాన్పులైతే ఇద్దరు అన్నమాట. ఆ ఇద్దరు ఎవరో మీకు తెలుసా?

కాన్పు తర్వాత వచ్చే ప్రతి కన్నీరూ జబ్బు కాదు. మూడో రోజు నుంచి పదో రోజు లోపల ఊరికే ఏడుపు రావడం, చిరాకు పుట్టడం సగానికి పైగా తల్లులకు ఉంటుంది. రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది గుబులు. ఇక మూడోది వేరే. మన పెద్దవాళ్ళు బాలింత సన్ని అనేవాళ్ళు. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లోనే ఆమె పొంతన లేని మాటలు మాట్లాడుతుంది, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటుంది, రాత్రంతా తిరుగుతుంది, పిల్లలో ఏదో దయ్యం ఉందంటుంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. దీనికి తాయెత్తు లేదు, ముచ్చట లేదు, రేపు చూద్దాం అనేది లేదు. ఆ పూటే దవాఖానకు తీసుకుపోవాలి. తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణం మీది సంగతి అది.

గుబులు సంగతికి వద్దాం. దీనికి రెండు వైద్యాలున్నాయి. ఒకటి గోలీ. రెండోది మాట. ఏది మేలు? ఈ ప్రశ్న చాలా దేశాల్లో అడిగారు. వాళ్ళకు ఏం తేలిందో మనకూ తెలియాలి.

1989లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ఒక ప్రయత్నం చేశారు. అక్కడ ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలుంటారు. వాళ్ళు డాక్టర్లు కారు. వాళ్ళకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, వారానికొకసారి చొప్పున ఎనిమిది వారాలు బాలింత ఇంటికి పోయి ఆమె చెప్పేది వినమన్నారు. అట్లా విన్న 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలుగా వదిలేసిన 24 మందిలో కోలుకున్నది 9 మందే. మాట కూడా మందేనని అప్పుడు రుజువైంది.

1997లో మాంచెస్టర్‌లో గోలీనీ మాటనూ పక్కపక్కన పెట్టి చూశారు. 87 మంది తల్లులు. గోలీ పనిచేసింది. ఆరుసార్లు కూచోబెట్టి పద్ధతి ప్రకారం మాట్లాడటమూ పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినందువల్ల అదనపు లాభమేమీ కనబడలేదు. ఇంకొకటి కూడా గమనించండి. చేరమని అడిగినవాళ్ళలో సగానికి పైగా రాలేదు. గోలీ మింగాలంటే భయమే ముఖ్య కారణం. భయం మన వాడలోనే కాదు, అక్కడా ఉంది.

2010లో బ్రిటన్‌లోనే ఇంకా పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 254 మంది బాలింతలు. సగం మందికి గోలీలు మొదలుపెట్టారు. మిగతా సగం మందికి మొదటి నాలుగు వారాలు ప్రత్యేక వైద్యమేదీ లేకుండా మామూలు పలకరింపుతో ఉంచి, ఆ తర్వాత ఇంటికి పోయి వినడం మొదలుపెట్టారు. నాలుగు వారాలకు చూస్తే గోలీ వైపు నూటికి 45 మంది తేరుకున్నారు. పలకరింపు వైపు 20 మందే. వినడం మొదలుపెట్టాక, 18 వారాలకు చూస్తే గోలీ వైపు 62, వినడం వైపు 51. అప్పటికి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారిపోయారు కూడా. ఆ మిగిలిన తేడా లెక్కల్లో గట్టిగా నిలిచేది కాదు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? గోలీ గెలిచిందనా? మాట గెలిచిందనా? రెండూ కాదు. ఓడిపోయింది "చూద్దాం తియ్, అదే పోతది" అన్నమాట. ఆ మొదటి నాలుగు వారాలూ వట్టి పలకరింపుతో గడిపినవాళ్ళు వెనకబడ్డారు. మన వాడల్లో బాలింతలకు దొరికేది ఆ "చూద్దాం తియ్" ఒక్కటే. నాలుగు వారాలు కాదు, నాలుగేండ్లు.

ఇవన్నీ తెల్లవాళ్ళ దేశం సంగతులు, మనకెట్లా పనికొస్తాయి అంటారా? మన పొరుగుకే పోదాం. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో మన ఆశా అక్కల వంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఈ పని చేశారు. అక్కడ అప్పటికే గుబులున్న 903 మంది గర్భిణులను తీసుకున్నారు. కడుపుతో ఉన్న చివరి నెల నుంచి పది నెలల పిల్ల అయ్యేదాకా మొత్తం 16 సార్లు ఇంటికి పోయి మాట్లాడారు. 2008లో ఫలితం చెప్పారు. పిల్లలకు ఆరునెలలు నిండేసరికి, మాట దొరికిన తల్లుల్లో నూటికి 23 మందికే గుబులు మిగిలింది. మామూలుగా ఇంటికొచ్చి పోయిన చోట 53 మందికి ఉంది. ఆ పద్ధతినే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంగా అచ్చువేసింది.

మన దేశంలో జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ పల్లెల్లో 2005 నుంచి 2008 దాకా ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ళ గుంపులు పెట్టింది. నెలకొకసారి కూచొని మాట్లాడుకున్నది కాన్పు గురించి, పుట్టిన పిల్లలు ఎందుకు చనిపోతున్నారన్నదాని గురించి. గుబులు అనే మాటే అక్కడ ముఖ్యం కాదు. పుట్టిన నెలలోపు పిల్లల చావులు తగ్గాయి. దాంతోపాటు మూడో ఏడు తల్లుల్లో ఒక మోస్తరు గుబులు కూడా సగానికి పైగా తగ్గింది. అక్షరం రాని ఆదివాసీ అక్కలు గుండ్రంగా కూచొని సాధించిన పని అది.

ఇప్పుడు మన సంగతి.

గోలీని గుమ్మం బయట నిలబడి చేతిలో వేసి పోవచ్చు. దూరం నుంచి విసిరినా అందుకుంటాం. మాట అట్లా కాదు. మాట వినాలంటే గడప దాటి లోపలికి రావాలి. మన చాప మీద కూచోవాలి. మన గ్లాసులో నీళ్ళు తాగాలి. తొందర లేకుండా గంటసేపు ఉండాలి. వాడ మొదట్లో నిలబడి పేరు పిలిచి, రిజిస్టరులో టిక్కు పెట్టుకొని పోయేవాళ్ళతో ఈ వైద్యం కాదు. అంటరానితనం ఉన్నచోట మాట అనే మందు పుట్టదు. అందుకే ఇది దవాఖాన సంగతి మాత్రమే కాదు, మన ఉద్యమం సంగతి.

మాట పేరు మీద మనకు దొరికేది ఏమిటి? బుద్ధులు. "సర్దుకపోవాలె బిడ్డా." "మేమంత కనలేదా?" "పిల్ల మొగం చూసి మర్చిపో." ఇది వైద్యం కాదు. నోరు మూయించడం. వినే వైద్యంలో చెప్పేది ఆమె, వినేది మనం. అత్త, మొగడు పక్కన లేని చోట కూచోవాలి. విన్నది వాడలో చెప్పొద్దు. ఏం బాధ, ఎప్పటి నుంచి, ఎవరు తోడున్నారు, ఎవరు కొడుతున్నారు అని అడగాలి. ఈ వారం చేయగలిగిన ఒక చిన్న పని ఆమెతోనే ఎంచించాలి. రెండు గంటల నిద్ర కావచ్చు, ఒక పూట వంట ఇంకొకరు చేయడం కావచ్చు. వచ్చే వారం పోయి అది జరిగిందా అని అడగాలి. మళ్ళీ రావడమే ఈ వైద్యంలో సగం బలం.

మన కార్యకర్తల్లో కొందరు ఇంకో మాటంటారు. "ఇది పేదరికం తెచ్చిన బాధ. కులం తెచ్చిన బాధ. దీనికి గోలీలేంది? గోలీ ఇచ్చి నోరు మూయిస్తరా?" ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒకటి అడుగుతాను. టీబీ పేదోళ్ళ రోగమే కదా. ఇరుకు గుడిసె, తక్కువ తిండి, దుమ్ము పని తెచ్చిన రోగమే కదా. అందుకని టీబీ గోలీలు వద్దంటామా? గోలీలు అడుగుతాం, ఇల్లు అడుగుతాం, బియ్యమూ అడుగుతాం. గుబులుకూ అంతే. కారణం సమాజంలో ఉన్నా బాధ ఆ ఒంట్లోనే ఉంది. ఆ ఒంటికి మందు అక్కర లేదనే హక్కు మనకు లేదు.

గోలీ ఎప్పుడు కావాలి? గుబులు లేతగా, ఒక మోస్తరుగా ఉంటే ముందు మాటతో మొదలుపెట్టొచ్చు. ముదిరితే, అంటే లేచి పని చేసుకోలేకపోతే, తిండి నిద్ర రెండూ పోతే, చావాలని అనిపిస్తే, లేదా నెల రోజులు మాట్లాడినా తేరుకోకపోతే గోలీ కావాలి. అది డాక్టరు చూసి రాయాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు. ముందే రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఉందా అని కూడా పరీక్ష చేయించమనాలి. రెండూ మనిషిని ఇట్లాగే కుంగదీస్తాయి. ఇంతకుముందు ఎప్పుడన్నా నిద్ర లేకుండా, లేని హుషారుతో, పట్టపగ్గాల్లేకుండా తిరిగిన రోజులుంటే అది డాక్టరుకు తప్పక చెప్పాలి. అట్లాంటివాళ్ళకు మందు వేరే ఉంటుంది.

"పాలల్ల గోలీ పోదా?" ఇది అందరూ అడిగేదే. సెర్ట్రలిన్ అనే పాత మందు ఉంది. పాలలోకి చాలా తక్కువ పోతుంది. పాలిచ్చే తల్లులకు డాక్టర్లు ఎక్కువగా ఎంచుకునేది అదే. అది నిద్రగోలీ కాదు, అలవాటు పడి మత్తుకు మింగేది కాదు. మొదటి వారం కొంచెం వికారం, తలనొప్పి ఉండొచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులు మింగి "ఏం ఫరక్ లేదు" అని పారేస్తే లాభం లేదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరునెలలు వాడాలి. ఆపాలంటే డాక్టరుతో చెప్పి మెల్లమెల్లగా తగ్గించాలి. పాత మందు కాబట్టి ఖరీదూ తక్కువే. 2023లో అమెరికాలో జురానొలోన్ అనే కొత్త గోలీ వచ్చింది. పద్నాలుగు రోజుల మందుకు అక్కడ పెట్టిన ధర 15,900 డాలర్లు, మన లెక్కలో 13 లక్షల రూపాయలకు పైమాటే. మనకు కావలసింది అది కాదు. పాత గోలీ సర్కారు దవాఖానలో ఆగకుండా దొరకాలి. అంతే.

చూడండి, మనం ఉన్న చోటు ఎట్లాంటిదో. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు. కోవిడ్ కాలంలో కోవాగ్జిన్ టీకా తయారైంది అక్కడే. ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. 2009 నుంచి మేడ్చల్ మండలం ఊళ్ళలో లైఫ్ అనే అధ్యయనంలో వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళను కడుపుతో ఉన్నప్పటి నుంచి కాన్పు దాటేదాకా వెంటబడి చూశారు. అంటే ఒక్కొక్క తల్లినీ వదలకుండా చూసుకోవడం ఈ ఊళ్ళలో సాధ్యమే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్నది మన పొలిమేర పక్కనున్న మెదక్‌నే. మందు మన పక్కనే, చదువు మన పక్కనే, పథకం మన పక్కనే. మన బాలింత గడపకు మాత్రం ఇవేవీ నడిచి రావు. మనం అడిగితేనే వస్తాయి.

ఏం అడగాలి?

ఒకటి. పిల్ల పుట్టాక ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలని లెక్క ఉంది. ఆరుసార్లు వచ్చే మనిషి పిల్ల బరువు చూసినట్టే తల్లి మనసూ అడగాలి. దానికి ఆమెకు శిక్షణ ఇవ్వాలి, చేసిన పనికి పైసలు ఇవ్వాలి. ఆశాలూ మన ఆడవాళ్ళే. ఉత్త చేతులతో ఇంకో మోత వాళ్ళ నెత్తిన పెట్టడాన్ని మనం ఒప్పుకోవద్దు.

రెండు. మేడ్చల్‌లో, శామీర్‌పేటలో ఉన్న సర్కారు దవాఖానల్లో పాత గోలీ నిలవ ఉండాలి. మనసు డాక్టరు ఏ రోజున వస్తారో బోర్డు మీద రాయాలి. ఎర్రగడ్డకు రెండు బస్సులు మారి పోవాలంటే బాలింత పోదు.

మూడు. చట్టం అమలు కావాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పేదలకు సర్కారు వైద్యం ఉచితం. దవాఖానలో చేరిన తల్లి నుంచి మూడేండ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. చచ్చిపోవాలని ప్రయత్నించిన మనిషిని కేసుల పాలు చేయడం కాదు, ఆదుకోవడం సర్కారు బాధ్యత. చట్టాలు చెప్పే నల్సార్ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. ఈ చట్టం వాడలోకి ఎందుకు రాలేదని వాళ్ళనూ అడుగుదాం, వచ్చి చెప్పమందాం.

నాలుగోది విశ్రాంతి. బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు తరఫున మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విరామం కావాలని, ఆ ఖర్చు ఆమె మీద పడకూడదని వాదించారు. మరుసటి ఏడే ఆ చట్టం వచ్చింది. దాదాపు నూరేండ్లయింది. కంపెనీలో కాంట్రాక్టు కింద ఊడ్చే అక్కకు, ఇటుక బట్టీలో పనిచేసే చెల్లెకు, కోళ్ళఫారంలో ఉండే ఆమెకు ఆ విరామం ఎక్కడిది? నిద్ర లేని ఒంటికి ఏ గోలీ అయినా ఎంత పనిచేస్తుంది?

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకొని కూచోవద్దు. ప్రతి వాడలో ఇద్దరు అక్కలు ముందుకు రండి. కాన్పయిన ప్రతి ఇంటికీ పోండి. ఏదో పెద్ద చదువు అక్కర లేదు. మూడు ప్రశ్నలు అడగండి. "ఈ నెలల ఎప్పుడూ మనసు కుంగినట్టు ఉంటున్నదా?" "ఇంతకుముందు ఇష్టమున్న పని ఇప్పుడు మనసున పడతలేదా?" "చావాలె అనిగానీ, పిల్లను ఏమన్న చేసుకోవాలె అనిగానీ అనిపించిందా?" చావు గురించి అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడొద్దు. అడిగితే ఆమె గుండె మీది బండ దిగుతుంది. మొదటి రెండింటిలో దేనికన్నా అవునంటే వారం వారం పోయి వినండి, దవాఖానలోనూ చూపించండి. మూడోదానికి అవునంటే ఆమెను ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు, కిరోసిన్ చేతికందకుండా తీసెయ్యండి. ఆ రోజే దవాఖానకు తోడు పోండి. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే సర్కారు ఫోను. 2022లో పెట్టారు. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు.

అన్నలకు ఒక మాట. మీరు వెనక నిలబడి విన్నారు, మంచిది. ఇంటికి పోయి రాత్రి పిల్ల లేస్తే మీరు ఎత్తుకోండి. ఆమెను రెండు గంటలు పండుకోనియ్యండి. చెయ్యెత్తే అలవాటున్నవాళ్ళు ఈ రోజే మానండి. మొగడు కొట్టే ఇంట్లో గోలీ, మాట రెండూ సగమే పనిచేస్తాయి.

ఇంక నేను కూచుంటాను. ఇక్కడ నుంచి లేచే ముందు ప్రతి ఊరివాళ్ళూ ఇద్దరి పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. ఈ మూడు నెలల్లో మీ వాడలో కాన్పయిన ఇండ్లు ఎన్నో కూడా రాయండి. వచ్చే పక్షం కూచున్నప్పుడు వాటిలో ఎన్ని ఇండ్లకు పోయివచ్చారో చెప్పుకుందాం. అక్కడి నుంచే దవాఖానకు పోదాం, ఆ లెక్క చేతిలో పట్టుకొని.